గృహము, బంధము, త్యాగము – 'అప్' చలనచిత్రములో ఒక వృద్ధుని వానప్రస్థము



మరణము సంభవించిన ప్రతి గృహములోను ఎవ్వరూ కదల్చని వస్తువు ఒకటి ఉంటుంది. అది కిటికీ అంచున ఉన్న కళ్ళజోడు కావచ్చును, బీరువాలో మడత విప్పని పట్టుచీర కావచ్చును, పూజామందిరము ముందు ఖాళీగా మిగిలిన రెండవ పీట కావచ్చును. పిల్లలు వచ్చి, "ఇంకా ఎందుకు నాన్నగారూ, ఎవరికైనా ఇచ్చివేయరాదా?" అని మెల్లగా అడుగుతారు. ఆయన సమాధానము చెప్పడు. ఆ వృద్ధుడు భగవద్గీతను నిత్యము పారాయణ చేసినవాడైతే ఆయన బాధ ద్విగుణమగును. సహధర్మచారిణి వియోగము ఒక బాధ. 'ఇంతకాలము చదివి కూడ ఈ మోహమును దాటలేకపోయితినే' అను అపరాధభావము రెండవ బాధ.

గతించినవారిని ప్రేమించుట మోహమా? వారిని మరచిపోవుటయేనా వైరాగ్యము? ఈ ప్రశ్న సాధకులను నిజముగా వేధించునది. దీనికి ఉపనిషత్తులు, ఇతిహాసములు సమాధానము చెప్పియే ఉన్నవి. అయితే ఒక్కొక్కప్పుడు ఆ సమాధానము ఎన్నడూ ఊహించని చోటి నుండి, మరొక దేశపు కథారూపములో ఎదురై, తెలిసిన విషయమునే మరల తెలియజేస్తుంది. 2009లో అమెరికాలోని పిక్సార్ సంస్థ నిర్మించిన 'అప్' అను యానిమేషన్ చలనచిత్రము అటువంటిది. దీనికి పీట్ డాక్టర్ దర్శకుడు, బాబ్ పీటర్సన్ సహదర్శకుడు. ఆ సంవత్సరము కాన్ చలనచిత్రోత్సవమును ప్రారంభించినది ఈ చిత్రమే. ఒక యానిమేషన్ చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. మరుసటి సంవత్సరము ఉత్తమ యానిమేషన్ చిత్రముగాను, మైకేల్ జియాకినో కూర్చిన సంగీతమునకును రెండు ఆస్కార్ పురస్కారములు లభించినవి. పిల్లలు దీనిని గాలిబుడగలతో ఎగిరే ఇంటి కథగా చూచి ఆనందిస్తారు. పెద్దలు మాత్రము మొదటి పది నిమిషములలోనే కన్నులు తుడుచుకొనుట కద్దు.

వృత్తాంతము

కార్ల్ ఫ్రెడ్రిక్సెన్ మితభాషియైన బాలుడు. చార్లెస్ మంట్జ్ అను సాహసయాత్రికుని గాథలను వెండితెరపై చూచి పరవశించినవాడు. ఒక పాడుబడిన ఇంటిలో అతనికి ఎల్లీ అను బాలిక పరిచయమగును. ఆమెకు నోరు ఎక్కువ, ధైర్యము ఇంకా ఎక్కువ. ఆమె వద్ద ఒక సాహసగ్రంథము ఉన్నది. దక్షిణ అమెరికాలోని పారడైజ్ ఫాల్స్ అను జలపాతపు అంచున తమ ఇల్లు నిలుపుకొనవలెనన్నది ఆమె స్వప్నము. తనను అక్కడికి తీసికొనిపోదునని గుండె మీద చేయి వేయించి కార్ల్ చేత ప్రమాణము చేయించుకొన్నది. శీతలపానీయపు సీసామూతను పతకముగా అతని చొక్కాకు గుచ్చినది.

తరువాత నాలుగు నిమిషములపాటు మాట ఒక్కటియు లేకుండ ఒక దాంపత్యజీవితము సంపూర్ణముగా గడచిపోవును. ఆ పాడుబడిన ఇంటినే వారు బాగుచేసికొన్నారు. సంతానము కలుగదని తెలిసి ఎల్లీ తోటలో నిశ్శబ్దముగా కూర్చున్నది. కార్ల్ ఆ సాహసగ్రంథమును ఆమె చేతిలో ఉంచినాడు. జలపాతయాత్రకని ఒక గాజుకూజాలో నాణెములు కూడబెట్టినారు. బండిచక్రము పాడైనపుడు ఒకసారి, కాలు విరిగినపుడు మరొకసారి, ఇంటిపై చెట్టు కూలినపుడు ఇంకొకసారి ఆ కూజా పగిలినది. కేశములు నెరసినవి. కార్ల్ చివరకు ప్రయాణపు టిక్కెట్లు కొన్న దినముననే ఎల్లీ కొండ ఎక్కలేక కూలిపోయినది. ఆసుపత్రి శయ్య మీది నుండి ఆ గ్రంథమును భర్త చేతికి అందించి ఆమె కన్నుమూసినది.

డెబ్బదియెనిమిది సంవత్సరముల కార్ల్ ఏకాకి అయినాడు. ఇంటి చుట్టును మహాసౌధముల నిర్మాణము సాగుచున్నది. ఇద్దరూ కలసి చేతిముద్రలు వేసిన ఉత్తరాల పెట్టెను ఒక కార్మికుడు పొరపాటున పడగొట్టగా, కార్ల్ కోపము పట్టలేక చేతికఱ్ఱతో అతనిని కొట్టి రక్తము చూచినాడు. న్యాయస్థానము అతనిని వృద్ధాశ్రమమునకు పంపుమన్నది. తీసికొనిపోవుటకు వాహనము వచ్చిన ఉదయముననే వేలకొలది గాలిబుడగలు చిమ్నీ నుండి పైకి లేచి ఇంటిని పునాదులతో పెకలించి ఆకాశమునకు ఎత్తినవి. కార్ల్ వృత్తిరీత్యా బుడగలు అమ్ముకొన్నవాడే కదా!

గృహమును వెంట తీసికొనిపోయిన వానప్రస్థుడు

దేహము ముడతలు పడి, తల నెరసి, మనుమడు కలిగినపుడు గృహస్థుడు అరణ్యమునకు పోవలెనని ధర్మశాస్త్రము. వానప్రస్థాశ్రమ రహస్యము స్థలము మారుటలో లేదు. 'నాది' అను భావము సడలుటలో ఉన్నది. కార్ల్ అరణ్యమునకే బయలుదేరినాడు. కాని ఇంటిని కూడ తీసికొని బయలుదేరినాడు. ప్రపంచమంతటిని విడిచినాడు గాని మమకారపు మూలస్థానమును మాత్రము తలకెత్తుకొన్నాడు.

దర్శకుడు ఈ భావమును ఒక అద్భుతమైన దృశ్యముతో మూర్తీభవింపజేసినాడు. ఇల్లు జలపాతమునకు ఎదురుగా ఉన్న పర్వతాగ్రమున దిగుతుంది. గమ్యము కనుచూపు మేరలో ఉన్నది గాని మధ్య ఒక లోయ ఉన్నది. అప్పుడు కార్ల్ తోటకు నీరు పట్టు గొట్టమును నడుముకు కట్టుకొని, గాలిలో తేలుచున్న ఇంటిని ఈడ్చుకొనుచు బండరాళ్ళ మీద నడువనారంభిస్తాడు. మధ్య మధ్య తల పైకెత్తి ఆ ఇంటితో 'ఎల్లీ' అని సంబోధించి మాట్లాడుతాడు. శరీరమే తాననుకొనుట దేహాధ్యాస. ఇక్కడ జరిగినది దానికి సోదరి వంటిది. ప్రియురాలి ఆత్మను కఱ్ఱతో, మేకులతో చేసిన కట్టడములో ఆరోపించి, ఆ కట్టడమునకు తగిలిన ప్రతి దెబ్బను ఆమెకు తగిలిన దెబ్బగా అనుభవించుట. రజ్జువునందు సర్పమును చూచినవానికి భయము కలిగినట్లే, గృహమునందు ఎల్లీని చూచినవానికి ఇతర మానవుని తల పగులగొట్టునంతటి క్రోధము కలిగినది. మోహము నుండి క్రోధము ఎట్లు జనించునో ఉత్తరాల పెట్టె ఘట్టము స్పష్టముగా చూపుచున్నది.

చిత్రకారులు పాత్రల ఆకృతులలోనే ఈ తత్త్వమును నిక్షేపించినారు. కార్ల్ ముఖము, కళ్ళజోడు, కుర్చీ అన్నియు చతురస్రములు. ఎల్లీకి సంబంధించినవి వృత్తములు, వంపులు. చతురస్రము ఉన్నచోట ఉండును. వృత్తము దొర్లును, ఎగురును. బరువైన చతురస్రగృహమును పైకెత్తినవి గుండ్రని బుడగలు. ఎల్లీ మరణించిన తరువాత తెరపై వర్ణములు వెలవెలబోవును. ఇల్లు గాలిలోనికి లేచినపుడు ఆ వర్ణములు మరల ఇంటింటి కిటికీల మీద ప్రసరించును. ఆమె ఇంటి గోడలలో లేదని, అతనిని పైకెత్తు శక్తిలో ఉన్నదని ప్రేక్షకుని కన్నులు ముందే గ్రహిస్తాయి. కార్ల్ బుద్ధికి అది తెలియుటకు ఇంకను చాల కాలము పట్టును.

మంట్జ్ – అవమానము నుండి పుట్టిన తపస్సు

కార్ల్ బాల్యమున ఆరాధించిన చార్లెస్ మంట్జ్ ఈ కథకు ప్రతినాయకుడు. జలపాతప్రాంతము నుండి ఒక మహాపక్షి అస్థిపంజరమును తెచ్చినపుడు పండితులు అది కృత్రిమమని ఆక్షేపించి అతని సభ్యత్వమును తొలగించినారు. ఆ పక్షిని సజీవముగా పట్టి తెచ్చువరకు తిరిగిరానని అతడు ప్రతిజ్ఞ చేసినాడు. దశాబ్దములు గడచినవి. లోకము అతనిని మరచినది. అతడు మాత్రము ఏకాంతమున, నిష్ఠతో, ఇతరభోగములను విడిచి ఒకే లక్ష్యమును ధ్యానించుచు ఉన్నాడు.

బాహ్యలక్షణములను బట్టి చూచిన మంట్జ్ తపస్వియే. ఏకాంతవాసము కలదు, ఏకాగ్రత కలదు, దీక్ష కలదు. లేనిది ఒక్కటే, చిత్తశుద్ధి. ఈ సందర్భమున విశ్వామిత్రుని చరితము స్మరణకు వచ్చును. ఆయన తపస్సుకు కూడ ఆరంభబిందువు అవమానమే. వసిష్ఠుని బ్రహ్మదండము ముందు తన అస్త్రములన్నియు నిష్ఫలము కాగా, తానును బ్రహ్మర్షి అనిపించుకొనవలెనని ఆయన ఘోరతపస్సులు చేసినాడు. ఎన్నిసార్లు చేసినను కామముచేతనో క్రోధముచేతనో తపఃఫలము వ్యయమైపోయినది. క్రోధమును జయించిన పిమ్మటనే వసిష్ఠుని నోట బ్రహ్మర్షి అను పిలుపు వినవచ్చినది. విశ్వామిత్రుడు మార్గమధ్యమున మారినాడు. మంట్జ్ మారలేదు.

మారనివాని స్థితి ఎట్లుండునో ఒక భోజనఘట్టము చూపును. మంట్జ్ తన విమానములో అతిథులను ఆదరముగా కూర్చుండబెట్టి, ఇంతకుముందు ఆ ప్రదేశమునకు వచ్చినవారి శిరస్త్రాణములను ఒక్కొక్కదానిని క్రిందికి తోయుచు, వారందరును తన పక్షిని దొంగిలించుటకే వచ్చిరని చెప్పును. వారికి ఏమి జరిగినదో అతడు చెప్పడు. చెప్పనవసరము లేదు. 'నా పక్షి' అను రెండు మాటలు ఎందరి ప్రాణములను తీసికొన్నవో ఆ శిరస్త్రాణములే చెప్పుచున్నవి.

కథారచయితలు మంట్జ్‌ను కార్ల్‌కు కేవలము శత్రువుగా నిలుపలేదు, అద్దముగా నిలిపినారు. ఇద్దరును వృద్ధులే. ఇద్దరును ఒక పూర్వప్రతిజ్ఞకు బద్ధులే. ఇద్దరును ఆకాశమున తేలు ఒక కట్టడములో గతమును మోయుచున్నవారే. మంట్జ్ విమానము నిండ సేకరించిన అస్థులు, కార్ల్ ఇంటి నిండ సేకరించిన స్మృతులు. ఒకరిది అహంకారము, మరొకరిది మమకారము. వేదాంతదృష్టిలో ఇవి రెండును ఒకే వృక్షపు కొమ్మలు. 'నేను' లేక 'నాది' లేదు. తాను ఇంకను పదేళ్ళు ఇదే మార్గమున నడచిన ఏమగునో కార్ల్ ఆ భోజనశాలలో కన్నులారా చూచినాడు.

రస్సెల్ – తిథి చెప్పక వచ్చినవాడు

ఇల్లు ఆకాశమునకు లేచిన తరువాత ఎవరో తలుపు తట్టుతారు. తీసి చూడగా వసారాలో గోడకు అతుక్కొని ఎనిమిదేండ్ల బాలుడు నిలిచి ఉన్నాడు. అతని పేరు రస్సెల్. బాలచర సంఘములో అన్ని పతకములును సంపాదించినాడు, వృద్ధులకు సహాయము చేసినందుకు ఇచ్చునది ఒక్కటి మాత్రము మిగిలినది. అందుకే కార్ల్ ఇంటికి వచ్చినాడు.

తిథి చూచుకొనక వచ్చువాడు అతిథి. గృహస్థధర్మమునకు అతిథి పరీక్ష వంటివాడు. కార్ల్ తొలుత అతనిని ఎట్లు వదిలించుకొందునా అనియే ఆలోచించును. బాలుని మాటలలో క్రమక్రమముగా ఒక సత్యము బయటపడును. తండ్రి అతనితో ఉండుట లేదు. పతకప్రదానసభకైన వచ్చునేమో అని ఆ పిల్లవాని ఆశ. పూర్వము తండ్రితో కలసి అంగడి ముందు కాలిబాట అంచున కూర్చుండి ఐస్‌క్రీమ్ తినుచు, దారిన పోవు ఎరుపు కార్లను ఒకరు, నీలి కార్లను ఒకరు లెక్కించెడివారట. వినువారికి విసుగు పుట్టించు ఇటువంటి చిన్నచిన్న విషయములే తనకు ఎక్కువగా జ్ఞాపకమున్నవని ఆ బాలుడు చెప్పును. అది పిల్లవాని అమాయకపు మాటగా గడచిపోవును. చిత్రమంతటికి మహావాక్యము అదియేనని తరువాత గాని తెలియదు.

సంతానము లేని వృద్ధుడు, తండ్రి లేనట్లున్న బాలుడు. ఇద్దరి లోపమును కలిపిన ఒక పూర్ణత్వము ఏర్పడును. కాని కార్ల్ రెండు చేతులును ఇంటిని లాగు గొట్టమును పట్టుకొని ఉన్నవి. బాలుని చేయి పట్టుకొనుటకు ఖాళీ లేదు.

స్వర్గద్వారమున నిలిచిన శునకము

అరణ్యములో వారికి రెండు ప్రాణులు తటస్థపడును. మొదటిది రంగురంగుల మహాపక్షి. రస్సెల్ దానికి కెవిన్ అని పేరు పెట్టును. తరువాత అది పిల్లల కొరకు ఆహారము సేకరించుచున్న తల్లి అని తెలియును. మంట్జ్ దశాబ్దములుగా వేటాడుచున్నది ఈ తల్లినే. ప్రకృతిని జననిగా చూచువాడు ఒకడు, తన ఘనతకు నిదర్శనముగా చూచువాడు మరొకడు. రెండవది డగ్ అను శునకము. మెడలోని యంత్రము వలన దాని మనస్సులోని మాటలు మానవభాషలో వినిపించును. మంట్జ్ శునకసేనలో అది అందరికిని చులకన. కార్ల్‌ను చూచిన మొదటి క్షణముననే ప్రేమించుచున్నానని ప్రకటించిన ఆ శునకమునకు ప్రతిఫలాపేక్ష లేదు. తిట్టినను పోదు, పొమ్మన్నను పోదు. దాస్యభక్తికి ఇంతకంటె సరళమైన రూపము దొరకుట కష్టము.

ఒకచోట కెవిన్‌ను విడిచిపెట్టనని మాట ఇమ్మని రస్సెల్ అడుగును. కార్ల్ గుండె మీద చేయి వేసి ఒట్టు పెట్టుకొనును. బాల్యమున ఎల్లీకి మాట ఇచ్చినది కూడ ఈ విధముగానే. ఇప్పుడు అతని గుండె మీద రెండు ప్రమాణములు ఉన్నవి, ఒకటి గతించినవారికి ఇచ్చినది, రెండవది ఎదుట నిలిచినవారికి ఇచ్చినది. పరీక్ష వెంటనే వచ్చును. మంట్జ్ ఇంటి క్రింద నిప్పు పెట్టి, వలలో చిక్కిన పక్షిని లాగుకొనిపోవును. పక్షిని కాపాడవలెనా, ఇంటిని కాపాడవలెనా? కార్ల్ ఇంటివైపు పరుగెత్తుతాడు. కెవిన్ బందీ అగును. డగ్ చెడ్డకుక్క అని నిందింపబడును. పక్షిని అప్పగించివేసితివని రస్సెల్ కన్నీటితో అన్న మాటకు కార్ల్ వద్ద సమాధానము లేదు.

ఆ తరువాత కార్ల్ ఒంటరిగా ఇంటిని ఈడ్చి ఈడ్చి జలపాతపు అంచునకు చేర్చును. ఎల్లీ బాల్యమున గీసిన చిత్రములో ఇల్లు ఎక్కడ ఉన్నదో సరిగా అక్కడ నిలుపును. స్వప్నము నెరవేరినది. అతడు కోరిన స్వర్గమునకు చేరినాడు. అయినను ముఖమున సంతోషరేఖ ఒక్కటియు లేదు.

మహాప్రస్థానిక పర్వములో ధర్మరాజు ముందు ఇంద్రుని రథము నిలిచినది. వెంట వచ్చిన శునకమును విడిచిన స్వర్గారోహణము సిద్ధము. ఆశ్రయించినదానిని విడుచుట మహాపాతకమని పలికి ఆయన స్వర్గమునే నిరాకరించినాడు. ఆ శునకమే యమధర్మరాజై దర్శనమిచ్చినది. కార్ల్ విషయములో ఇది తలక్రిందులుగా జరిగినది. ఆశ్రయించినవారిని విడిచి అతడు స్వర్గమును పొందినాడు. పొందినది స్వర్గము కాదని అప్పుడు తెలిసినది. ఆర్తుని విడిచి చేరిన ఏ పుణ్యస్థలమునైనను దేవుడు ఉండడని మన ఇతిహాసము చెప్పిన విషయమునే ఈ చిత్రము ఒక మూగ ముఖముపై చూపినది.

ఎల్లీ – ఉపదేశము చేసిన గృహిణి

కార్ల్ తన చతురస్రపు కుర్చీలో, ఎల్లీ ఖాళీ కుర్చీ ప్రక్కన కూర్చుండి ఆమె సాహసగ్రంథమును తెరచును. ఇక చేయబోవు సాహసములకని ఆమె విడిచిపెట్టిన పుటలు ఖాళీగానే ఉండునని అతని నమ్మకము. 'ఆమె ఆశను తీర్చలేకపోతిని' అను శల్యమునకు ఆ ఖాళీపుటలే సాక్ష్యము. అందుకే ఇన్నాళ్ళును ఆ పుటలను తెరచి చూచు ధైర్యము లేకపోయినది.

ఆ పుటలు ఖాళీగా లేవు. వివాహపు ఛాయాచిత్రము, వనభోజనములు, పుట్టినరోజు వేడుకలు, ఇద్దరును ప్రక్క ప్రక్క కుర్చీలలో కూర్చున్న సాయంకాలములు వరుసగా అంటింపబడి ఉన్నవి. చివరి పుటలో ఆమె స్వహస్తముతో కృతజ్ఞత తెలిపి, ఇక క్రొత్త సాహసమునకు బయలుదేరుమని వ్రాసి ఉంచినది. ఆమె దృష్టిలో సాహసము జరుగకపోలేదు. జరిగిన జీవితమే సాహసము. కాలిబాట అంచున కూర్చుండి కార్లు లెక్కించిన జ్ఞాపకమే మిన్నయని పిల్లవాడు చెప్పినదియు ఇదే.

యోగవాసిష్ఠములోని చూడాలా శిఖిధ్వజుల ఉపాఖ్యానము ఎరిగినవారికి ఈ ఘట్టము సుపరిచితముగా తోచును. శిఖిధ్వజ మహారాజు జ్ఞానకాంక్షతో రాజ్యమును విడిచి అడవికి పోయినాడు. ఆయన భార్య చూడాల అప్పటికే ఆత్మజ్ఞాని. ఆమె కుంభుడను మునికుమారుని రూపములో పోయి, ఇంకను సర్వత్యాగము కాలేదని చెప్పినది. రాజు పర్ణశాలను, ఆసనమును, కమండలువును, సమస్తమును అగ్నికి ఆహుతి చేసినాడు. ఇంకను కాలేదన్నది ఆమె. దేహమును విడుచుటకు సిద్ధమైనాడు. అదియు కాదన్నది. విడువవలసినది చిత్తమును, 'నేను' అను పట్టును అని ఆమె బోధించిన పిమ్మట ఆయనకు మేలుకొలుపు కలిగినది. భర్తకు గురువైన భార్య ఆమె. ఎల్లీ బ్రహ్మవిద్యను ఉపదేశింపలేదు. కాని భర్త ఏ వస్తువును పట్టుకొని బంధములో ఉండునో ముందే గ్రహించి, ఆ బంధమును విప్పు తాళపుచెవిని అతని చేతిలోనే ఉంచి వెళ్ళినది. అతడు ఆ తాళపుచెవిని కూడ మరొక స్మారకవస్తువుగా దాచుకొన్నాడు. శాస్త్రగ్రంథములను పట్టువస్త్రములో చుట్టి పూజించుచు ఎన్నడును తెరవని వారికి ఇందులో ఒక హెచ్చరిక కలదు.

పారవేయుట వేరు, త్యాగము వేరు

అప్పటికే రస్సెల్ కొన్ని బుడగలు పట్టుకొని పక్షిని విడిపించుటకు ఒంటరిగా ఎగిరిపోయినాడు. కార్ల్ అతనికి సహాయపడవలెను. కాని బుడగలు తరిగినవి, ఇల్లు కదలదు. కోపముతో ఒక వస్తువును బయటికి విసరగా ఇల్లు కొంచెము లేచును. అంతట అతడు గృహోపకరణములను ఒక్కొక్కటిగా బయటికి చేర్చును. ఏ వస్తువులను కాపాడుటకు ఇంతదూరము వచ్చెనో ఆ వస్తువులే అతని ప్రయాణమునకు భారమైనవి.

ఈ దృశ్యములో ఒక సూక్ష్మాంశము కలదు. ఇల్లు ఆకాశమునకు లేచిన తరువాత క్రింద మిగిలిన వస్తువుల నడుమ రెండు కుర్చీలు కనబడును. అవి విసరివేయబడినట్లు లేవు. ప్రక్క ప్రక్కన, జలపాతము చెంత, ఇంటిలో ఉన్నప్పటి వలెనే అమర్చబడి ఉన్నవి. విసరివేయుట విరక్తి కావచ్చును గాని త్యాగము కాదు. ద్వేషముతో విడిచినది మరల వెంట వచ్చును. గౌరవముతో, కృతజ్ఞతతో, ఉండవలసిన చోట ఉంచి వెనుదిరుగుట త్యాగము. రాజ్యమునే తృణప్రాయముగా విడిచిన భరతుడు ఒక లేడిపిల్లను పట్టుకొని జన్మాంతరమును పొందినాడని భాగవతము. కావున వస్తువు యొక్క పరిమాణము ప్రమాణము కాదు, పట్టు ప్రమాణము.

మన సంప్రదాయములోని అపరకర్మల ఆంతర్యము కూడ ఇదియే. ప్రియమైనవారి అస్థికలను ఒడిలో ఉంచుకొని, మంత్రపూర్వకముగా, భక్తితో నదీప్రవాహమునకు అర్పించుదురు. ఆ కర్మ వారిని మరువుమని చెప్పదు. ప్రతి సంవత్సరము తిథినాడు పేరు పెట్టి, గోత్రము చెప్పి స్మరింపుమని చెప్పును. పట్టును విడువుము, స్మరణను విడువకుము అన్నదియే దాని శాసనము. స్మృతి దీపము వంటిది, ఎదుటివారికి త్రోవ చూపును. మోహము అదే దీపమును కుండలో పెట్టి మూత వేయుట. వెలుగు బయటికి రాదు, కొంతసేపటికి దీపమును నిలువదు.

ఈ చిత్రమునకు గల పరిమితి

దీనిని వేదాంతగ్రంథముగా భావించుట పొరపాటు. కార్ల్ ఆత్మవిచారము చేయలేదు. అతని ప్రయాణము చిత్తశుద్ధి వరకు, అనగా కర్మయోగపు గడప వరకు మాత్రమే వచ్చినది. ఒక బంధము సడలి మరొక అనుబంధము ఏర్పడినదే గాని సర్వబంధవిముక్తి ఇందులో లేదు. మరియు మంట్జ్ విషయములో ఈ కథ కొంత కఠినముగా ఉన్నది. అతడు బుడగల త్రాళ్ళలో చిక్కి ఆకాశము నుండి పడి నశించును. విశ్వామిత్రునికి లభించిన ఆలింగనము అతనికి లభింపలేదు. అహంకారికి కూడ మేలుకొను అవకాశము చివరి శ్వాస వరకు ఉండునని నమ్మిన భారతీయ హృదయమునకు ఈ ముగింపు వెలితిగానే తోచును.

అయినను సాధకునకు మొదటి మెట్టు బ్రహ్మసాక్షాత్కారము కాదు. ఎదుట ఏడ్చుచున్న పసివాని కొరకు తన దుఃఖమును ఒక్క క్షణము ప్రక్కన ఉంచగలుగుట మొదటి మెట్టు. ఆ మెట్టును ఈ చిత్రము నిజాయతీతో చూపినది.

తెలియకుండ సిద్ధించిన ఫలము

పోరాటాంతమున పక్షి, బాలుడు, శునకము క్షేమముగా విమానమును చేరినవి. ఇల్లు మాత్రము మేఘముల లోనికి మెల్లగా జారిపోవుచున్నది. ఇల్లు పోయినందుకు రస్సెల్ విచారము తెలుపగా, అది కేవలము ఒక ఇల్లే కదా అని కార్ల్ అనును. ఉత్తరాల పెట్టె కొరకు రక్తము చిందించిన నోటి నుండి వెలువడిన మాట అది. స్వరములో విరక్తి లేదు, దుఃఖము లేదు, ఒక ప్రశాంతి మాత్రము ఉన్నది.

పతకప్రదానసభలో రస్సెల్ ప్రక్కన తండ్రి నిలువవలసిన స్థలము ఖాళీగా ఉన్నది. కార్ల్ వచ్చి అక్కడ నిలిచి, ఎల్లీ బాల్యమున తనకు గుచ్చిన సీసామూతను బాలుని వస్త్రమునకు గుచ్చును. ఇంతకాలము గుండెపై దాచుకొన్నది ఈనాడు మరొకరి గుండెపైకి చేరినది. తరువాత ఇద్దరును కాలిబాట అంచున కూర్చుండి ఐస్‌క్రీమ్ తినుచు దారిన పోవు కార్లను లెక్కింతురు. శిఖిధ్వజుడు జ్ఞానోదయానంతరము మరల రాజ్యపాలనకు వచ్చినట్లు, కార్ల్ కూడ తాను పారిపోయిన నగరమునకే తిరిగి వచ్చినాడు.

చిత్రము అంతటితో ముగియలేదు. చివరి దృశ్యములో మేఘములు తొలగగా, ఆ ఇల్లు పారడైజ్ ఫాల్స్ అంచున, ఎల్లీ గీసిన చిత్రములో ఉన్నట్లే నిలిచి కనబడును. ఈ జలపాతమునకు ప్రేరణ వెనిజులాలోని 979 మీటర్ల ఏంజెల్ జలపాతము. చిత్రబృందము 2004లో ఆ ప్రాంతపు బల్లపరుపు పర్వతములను స్వయముగా ఎక్కి చూచి వచ్చినది. అంతటి ఎత్తున, మంచుతెరల నడుమ ఆ చిన్న ఇల్లు ఒంటరిగా ఉన్నది. అక్కడికి చేరినట్లు కార్ల్‌కు తెలియదు. ఎన్నటికిని తెలియకపోవచ్చును.

పట్టుకొని ఈడ్చినంతకాలము ఆ ప్రతిజ్ఞ అతనికి శాంతిని ఇయ్యలేదు. విడిచిన పిమ్మట అది తనంతట తాను నెరవేరినది. ఫలముపై అధికారమును విడిచి కర్తవ్యమును చేయుమని గీతాచార్యుడు చెప్పినపుడు, ఫలము ఉండదని చెప్పలేదు. అది ఎవరి చేతిలో ఉండవలెనో వారి చేతిలో ఉండనిమ్మని చెప్పినాడు.

కిటికీ అంచున ఉన్న ఆ కళ్ళజోడును రేపే ఎవరికో ఇచ్చివేయవలెనని శాస్త్రము తొందరపెట్టదు. ఆ వృద్ధుడు దానిని తుడిచి మరల అక్కడనే ఉంచవచ్చును. కాని సాయంకాలము ప్రక్కింటి పిల్లవాడు లెక్కలపుస్తకముతో వచ్చి తలుపు తట్టినపుడు ఆయన లేచి తలుపు తీయవలెను. ఆమె ఉన్నచో తప్పక తీసియుండెడిది.

స్వస్తి.